పొట్టి తుపాకి

మైపాడు,
ఆగస్టు 10, 2025.

అన్నా,

వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మీ డాలస్ ఎండలు మన నెల్లూరు ఎండల్ని మించినాయని నీ కొడుకు చెప్పినాడంట. నాకైతే నమ్మబుద్ధి కాలేదు. ఈడ మేమంతా బాగుండాం. రొయ్య బాగానే పెరిగింది గానీ మీ అమెరికావోళ్ళు సుంకం పెంచినారని ఈడ కొనేవోళ్ళు రేటు కోసేస్తుండారు. ఆడ నువ్వు రొయ్యలు తిని మమ్మల్ని కాస్త ఆదుకో.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు గదా అంటావు. ఫోన్లో నువ్వు రెండు సార్లు "ఆఁ, ఆఁ" అని వదినకి ఇచ్చేస్తావు. ఈ సంగతికి అది చాలదు. సైన్యంలో నువ్వు మోసిన కార్బైన్ మళ్ళీ కనపడింది అన్నా. యాడో చెప్తే నవ్వుతావు.

నా కూతురి కొడుకు ఉండాడే, తొమ్మిదో తరగతి, వాడు కథ రాస్తుండాడు. 'కల్కి' సినిమా చూసినప్పటి నుంచి వాడికి ఇదే పిచ్చి. ఆ సినిమాలో ఇసుకలో కూరుకుపోయిన గుడి మన పెరుమాళ్ళపాడుదే. పెన్నా ఇసుకలో కనపడకుండా ఉండి 2020లో బయటపడిందే, ఆ నాగేశ్వరస్వామి గుడి. మన జిల్లాలో గుడి ఉంటే మన జిల్లాలో యుద్ధం ఎందుకు ఉండకూడదని వాడి లెక్క. కథ 2190లో జరుగుద్ది. సముద్రం పొంగి మైపాడు మునిగిపోయి ఉంటుంది. మిగిలిన జనం కృష్ణపట్నం రేవు కాడ పెద్ద గోడ కట్టుకుని దాని లోపల బతుకుతుంటారు. పులికాట్ మీదుగా శత్రువులు ఎగిరొస్తారు. గోడని కాసేదానికి దళాలు, దళానికి పది మంది, వాళ్ళలో ఒకడు నాయకుడు. ఆ నాయకుడికి మాత్రమే ఇచ్చే తుపాకి ఒకటి ఉంది. దాని పేరు వజ్ర-7. ముందు ఆరూ ఏమైనాయిరా అంటే చెప్పలా.

బొమ్మ మాత్రం భలే గీశాడు. మనిషి ఎత్తులో ముప్పాతిక ఉంది. మంచులోంచి చూస్తుందంట, గోడ అవతల ఉన్నోణ్ణి పసిగడుతుందంట, నీలం వెలుగు కక్కుతుందంట, నాయకుడి చెయ్యి తప్ప ఇంకే చెయ్యి తగిలినా పేలదంట. గీసి నా దగ్గరికి తెచ్చి, "తాతా, మీ సెక్షన్ కమాండర్‌కి ఏ గన్ ఇచ్చేవాళ్ళు?" అన్నాడు.

"అందరికన్నా పొట్టిది" అన్నా.

వాడి మొహం నువ్వు చూడాల. "లీడర్‌కి చిన్నదా? మరి మిగతా వాళ్ళకి?" "పెద్దవి." తాత ఎగతాళి పట్టిస్తుండాడు అనుకున్నాడు. నమ్మిద్దామని వాడి ఫోన్లోనే స్టెర్లింగ్ కార్బైన్ అని కొట్టించా. కొట్టంగానే మన తుపాకి పక్కన తెల్ల కవచాలు తొడుక్కున్న సినిమా సోల్జర్లు వచ్చినారు. వాడు గంతేసి, "ఇది ఈ-11 బ్లాస్టర్ తాతా! స్టార్ వార్స్‌లో స్టార్మ్‌ట్రూపర్లది!" అన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని చూద్దును గదా, అదే గొట్టం, గొట్టం మీద అవే బొక్కలు, ముందుకు మడిచిన అదే బట్టు, ఎడమ పక్క అదే మ్యాగజైన్. మ్యాగజైన్ మాత్రం సగానికి కోసేసి పొట్టిది పెట్టినారు. ఆయుధాల కోత్‌లో అట్టాంటిది అప్పజెప్పి ఉంటే నీ పని, నా పని అయిపోయేది.

అప్పటి నుంచి దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతుండా. ఆ సినిమా 1977లో వచ్చింది. తీసేటప్పుడు జార్జి లూకాస్ చేతిలో డబ్బు తక్కువ. కొత్త తుపాకులు చేయించే స్తోమత లేక, సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ అనే ఆయన లండన్‌లో సినిమాలకి తుపాకులు అద్దెకిచ్చే బాప్టీ కంపెనీకి పోయి స్టెర్లింగ్‌లు తెచ్చినాడు. గొట్టం బొక్కల మీద 'టి' ఆకారం ప్లాస్టిక్ పట్టీలు అతికించినాడు. పైన పాత మిలిటరీ టెలిస్కోపు ఒకటి, పక్కన అంకెలు తిరిగే చిన్న మీటరు ఒకటి బిగించినాడు. అంతే, తుపాకి వేరే లోకందైపోయింది. ఎర్ర గీతలు, చప్పుడు తర్వాత కలిపినారు. ఇంకో విచిత్రం చూడు. అవి నిజం తుపాకులు గాబట్టి షూటింగులో బ్లాంకులు పేల్చినారు. కొన్ని చోట్ల జాగ్రత్తగా చూస్తే పక్క నుంచి ఖాళీ తూటా ఖోకాలు ఎగిరిపడేది కనపడుద్ది. "లేజర్ గన్‌కి ఖోకా ఎందుకు తాతా?" అని మావాడు. రేంజ్ అయినాక లెక్క అప్పజెప్పాల గదరా అన్నా. వాడికి అర్థం కాలేదు. నీకు అర్థమవుద్ది. ఒక్క ఖోకా తక్కువైతే కంపెనీ మొత్తం గడ్డిలో వంగి దేవులాడిన రోజులు నువ్వు మర్చిపోయి ఉండవు.

ఆ సినిమాలో మిగతావీ అంతే. హీరోల్లో ఒకడు నడుముకి కట్టుకున్న పిస్తోలు జర్మనీవాళ్ళ పాత మౌజర్. వేరే చోట మొదటి ప్రపంచ యుద్ధం నాటి లూయిస్ గన్, రెండో యుద్ధం నాటి ఎం.జి.34. 1986లో వచ్చిన 'ఏలియన్స్' అనే ఇంకో సినిమాలో మెరైన్ల పల్స్ రైఫిల్ అని ఒకటుంది. అందులో తూటాలు ఎన్ని మిగిలినాయో అంకెల్లో కనపడుద్ది. విప్పితే లోపల ఉండేది థామ్సన్, రెండో యుద్ధంలో అమెరికావోళ్ళ చేతుల్లో ఉండిందే. రాబోయే కాలం తుపాకి ఏదైనా సరే, పొట్ట కోసి చూస్తే మన ఉస్తాదుల కాలందే కనపడుతుండాది.

మన తెలుగోళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? 'ఆదిత్య 369' తీసిన సింగీతం శ్రీనివాసరావు గారిది మన ఉదయగిరే. ఆ సినిమా వెనకుండి నడిపించిన గాయకుడు బాలు మన నెల్లూరువాడే. 1991లో సెలవు మీద వచ్చినప్పుడు నువ్వూ నేనూ కలిసి చూశాం. 2504లో మనుషులు ఎట్టా ఉంటారో ఆయన చూపించినప్పుడు నువ్వు నా చెవిలో, "అప్పటికైనా మనకి కొత్త బూట్లు ఇస్తారా" అన్నావు. ముందు వరస వోళ్ళు తిరిగి చూశారు.

సరే, తుపాకి కాడికి వస్తా. దీన్ని తయారు చేసింది జార్జ్ ప్యాచెట్ అనే ఇంజినీరు, ఇంగ్లండులో డాగెన్‌హామ్ అనే ఊళ్ళో ఉండే స్టెర్లింగ్ కంపెనీలో. రెండో యుద్ధం చివర్లోనే నమూనాలు చేసి పరీక్షకి పెట్టినాడు. బ్రిటిష్ సైన్యం 1953లో తీసుకుంది. మనకి కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో లైసెన్సు మీద తయారైంది. అసలు కంపెనీ 1988లో మూతబడింది. మనది మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు నడిచింది. 9 ఎం.ఎం. తూటా, మ్యాగజైన్‌కి 34. ఖాళీది మూడు కిలోలకి లోపలే. బట్టు మడిస్తే మూరెడు, కాస్త పైన. మిగతా వోళ్ళు మోసే ఎస్.ఎల్.ఆర్. రైఫిల్ నాలుగు కిలోలు దాటుద్ది గదా. దాని పక్కన పెడితే నీది పిలకాయల ఆటవస్తువు.

నాకు దాంట్లో నచ్చింది బోల్టు. ఆదివారం పూట బారకు ముందు దుప్పటి పరుచుకుని నువ్వు దాన్ని విప్పేవాడివి, నేను పక్కన ఎల్.ఎం.జి. మెషిన్‌గన్ ముందేసుకుని కూర్చునేవాణ్ణి. ఆ బోల్టు ఒంటి మీద ఏటవాలుగా మెలి తిరిగిన గట్లు ఉండేవి. వాటి మధ్య సందుల్లో చిందీ పెట్టి తుడిస్తే నల్లటి నూనె, దాంట్లో ఇసుక గింజలు వచ్చేవి. బోల్టు ముందుకీ వెనక్కీ పోతున్నప్పుడు ఆ గట్లే లోపలి దుమ్మూ ఇసకా గీకి పక్కకి తోసేస్తాయి. అందుకే బురదలో పడేసి తీసినా పేలేది. ప్యాచెట్‌కి మైపాడు ఇసుక గురించి ఏం తెలుసో గానీ, మన తీరంలో పనికొచ్చే తుపాకి చేసినాడు. మ్యాగజైన్ పక్కకి ఉండటంలోనూ తెలివి ఉంది. నేలకి కరుచుకుని పడుకుంటే కింద ఏదీ తగలదు, తల పైకెత్తే పని లేదు. కాకపోతే కొత్తవాళ్ళంతా దాన్ని పిడి అనుకుని పట్టుకునేవాళ్ళు. పట్టుకుంటే తూటా ఎక్కేటప్పుడు ఇరుక్కుంటుంది. వెల్లింగ్టన్ శిక్షణలో మన ఉస్తాద్ దానికి మోచేతి మీద బెత్తంతో కొట్టేవాడు. నీకు పడలేదు, నాకు పడినాయి.

ఇంక మావాడి ప్రశ్న. నాయకుడికి పొట్టి తుపాకి ఎందుకు?

వాణ్ణి పొద్దున్నే సముద్రం ఒడ్డుకి తీసుకుపోయినా. అలివి వల లాగుతుండారు. రెండు పక్కలా మోకులు పట్టుకుని జనం లాగుతుంటే మధ్యలో ఒక పెద్దాయన చేతులు ఖాళీగా పెట్టుకుని నీళ్ళకేసి చూస్తా అరుస్తుంటాడు: ఉత్తరం పక్కోళ్ళు ఆగండి, దక్షిణం పక్కోళ్ళు లాగండి. "ఆయన ఎందుకు లాగటం లేదు తాతా?" "ఆయన కూడా మోకు పట్టుకుంటే నీళ్ళు ఎవడు చూస్తాడురా?" అన్నా. వాడు కాసేపు ఏం మాట్లాడలా. సగం ఎక్కిందనుకుంటా.

మిగతా సగం వాడికి చెప్పాలంటే నీ కథ చెప్పాల్సిందే. శ్రీలంకలో మన సైన్యం ఉన్నప్పుడు, కిలినొచ్చి దాటినాక ఆ తాటితోపు. నీకు గుర్తుండాదో లేదో, నాకు మాత్రం నిన్న జరిగినట్టుంది. ముందు పోతున్న వోళ్ళ మీద కాల్పులు మొదలైనాయి, అందరం పడిపోయినాం. ఎవడు యాడ నుంచి కొడుతుండాడో ఎవడికీ తెలియదు. కుర్రాళ్ళు తోచిన వైపు ఎస్.ఎల్.ఆర్.లు వాయిస్తుండారు. నువ్వు తాటి మొద్దు వెనక పడుకుని ఉండావు. కార్బైన్ పక్కన ఇసుకలో పెట్టేసినావు. గడ్డం నేలకి ఆనించి, నోరు తెరుచుకుని, కళ్ళు చికిలించి చూస్తుండావు. నాకు ఒళ్ళు మండింది. ఈయన కాల్చడే అని. తర్వాత నీ గొంతు లేచింది. అర తమిళం, అర హిందీ: ముందు కాల్పులు ఆపమన్నావు. తర్వాత ఎల్.ఎం.జి. జట్టు అన్నావు, రెండొందల యాభై అన్నావు, విరిగిన తాటి చెట్టుకి కుడి పక్క పచ్చ పొద అన్నావు, చిన్న బరస్టులు అన్నావు. ఎవరు, ఎంత దూరం, యాడ, ఎట్టా. పుస్తకంలో రాసిన వరసలోనే చెప్పినావు. నా గన్ను ఆ పొద మీదికి తిరిగింది. పని అయిపోయింది. సాయంత్రం లెక్క చూసుకునేటప్పుడు నీ మ్యాగజైన్ తీస్తే పెట్టిన తూటాలు పెట్టినట్టే ఉండాయి. నేను అడిగితే, "నేను కాలుస్తా కూర్చుంటే నువ్వు దేన్ని కాల్చేవాడివి?" అన్నావు.

మావాడికి ఇదే చెప్పా. పది మంది తుపాకులు నాయకుడివేరా, ఆయన చేతిలోది ఆయన ప్రాణం కాపాడుకునేదానికి, అంతే. యాభై, వంద గజాల్లో ఎవడైనా మీద పడితే పనికొస్తుంది. చేతిలో బరువు తగ్గితే మ్యాపు పట్టుకోవచ్చు, చేత్తో సైగ చెయ్యొచ్చు, పరిగెత్తి అటు చివర ఉన్నోడి భుజం తట్టొచ్చు. సినిమాల వాళ్ళకి ఇది ఎప్పుడూ ఎక్కదు. నాయకుడంటే అందరికన్నా పెద్ద మంట వచ్చే తుపాకి పట్టుకుని ముందు దూకేవాడే వాళ్ళకి.

ఇంకో సంగతి కూడా చెప్పా, అది వాడికి అస్సలు నచ్చలా. పొట్టి తుపాకిలో ఒక శని ఉంది. లంకలో అది మనం కళ్ళారా చూశాం. అవతలోళ్ళు ముందు వెతికేది రేడియో యాంటెన్నాని, ఆ తర్వాత పొట్టి తుపాకిని. అది ఎవడి చేతిలో ఉంటే వాడే పెద్ద. నువ్వు భుజం మీద హోదా ఫీతీలు తీసేశావు గానీ చేతిలో కార్బైన్ ఉన్నన్నాళ్ళూ అదే నీ ఫీతీ. అందుకే కొన్నాళ్ళకి నువ్వు కూడా ఎస్.ఎల్.ఆర్. పట్టుకుని పది మందిలో కలిసిపోయినావు. పైగా వాళ్ళ చేతుల్లో ఏకే-47లు, దూరం నుంచి కార్బైన్‌తో వాటికి జవాబు చెప్పలేం. ఆ స్టార్ వార్స్‌లో ఎడారిలో తిరిగే దళాల నాయకుడికి భుజం మీద నారింజ రంగు బిళ్ళ ఒకటి ఉంటుంది. ఎంత టెక్నాలజీ ఉంటే ఏం, ఎండలో మైలు దూరానికి కనపడే బిళ్ళ! ఆ సైన్యానికి బుద్ధి చెప్పే సుబేదార్ ఒక్కడు కూడా లేనట్టుంది.

మరి వజ్ర-7 సంగతి ఏంది? వాణ్ణి నిరాశ పెట్టటం నాకు ఇష్టం లేదు. కూర్చోబెట్టి మార్పులు చెప్పా. తుపాకి బయటికి మిగతా తొమ్మిదింటి మాదిరే ఉండాల, తేడా అంతా లోపల ఉండాల. నాయకుడికి గోడ అవతల శత్రువు కనపడకపోయినా ఫర్లేదు, తనవాళ్ళు తొమ్మిది మంది యాడెక్కడ ఉండారో, ఎవడి దగ్గర ఎన్ని తూటాలు ఉండాయో కనపడాల. అరిచి అడిగే పని తప్పుద్ది. ఇంకెవరు ముట్టుకున్నా పేలకపోవటం అనేది తీసెయ్యమన్నా. నాయకుడు పడిపోతే ఆయన తర్వాతోడు, టూ-ఐ-సి, ఆ తుపాకి తీసుకోవాల గదా? అది పేలకపోతే దళం గతేంది? ఈ మాటకి మాత్రం వాడు వెంటనే ఒప్పుకున్నాడు, రబ్బరు తీసుకుని ఆ లైను చెరిపేశాడు. బ్యాటరీ గురించి కూడా అడిగినా. మన రొయ్యల గుంట గట్టు మీద ఏరియేటర్ స్విచ్చి పెట్టె విప్పి చూపించినా. కొత్తగా వేసిన రాగి తీగలు ఉప్పు గాలికి పచ్చగా చిలుము పట్టి, గోరుతో గీకితే పొడి రాలుతుండాది. కృష్ణపట్నం గోడ మీద వజ్ర-7 ఎన్నాళ్ళు వెలుగుద్దో చూసుకో అన్నా. "దాంట్లో కూడా ఇసుక తోసే గట్లు పెడతా తాతా" అన్నాడు. ప్యాచెట్‌కి నెల్లూరు శిష్యుడు దొరికినాడు.

నిజంగా ఇట్టాంటివి చేసేదానికి పెద్ద దేశాలు తిప్పలు పడినాయంట. అమెరికావోళ్ళు ఎక్స్‌ఎం-25 అని ఒకటి 2010లో ఆఫ్ఘనిస్తాన్ తీసుకుపోయినారు. లేజర్‌తో దూరం కొలిచి ఆ లెక్క గుండుకే చెప్తే, 25 ఎం.ఎం. గుండు గోడ దాటినాక గాల్లోనే పేలుద్ది. మావాడి నీలం వెలుగు కన్నా ఇది నాకు వింతగా ఉంది. చివరికి 2018లో దాన్ని ఆపేసినారు. బరువు ఎక్కువ, ఖర్చు ఎక్కువ, దాన్ని మోసేవాడికి రైఫిల్ పట్టుకునే చెయ్యి మిగల్లా. మనవాళ్ళ పని ఇంకో దారిలో పోతుండాది. నీ కార్బైన్ తూటా సైజు 9 ఎం.ఎం.లోనే 'అస్మి' అని కొత్తది వచ్చింది. సైన్యంలోనే ఒక లెఫ్టినెంట్ కర్నల్ పుణె డీఆర్‌డీఓ వాళ్ళతో కలిసి చేసినాడు. తయారయ్యేది మన హైదరాబాదులో, లోకేష్ మెషీన్స్‌లో. 2024లో సైన్యం 550 కావాలంది. 'ఉగ్రం' అని 7.62 రైఫిల్ కూడా హైదరాబాద్ కంపెనీతో కలిసి చేసినారు. కాన్పూర్ పేరు విని పెరిగిన మనకి తుపాకి మీద హైదరాబాద్ పేరు చూడటం భలే ఉండాది.

ఇప్పుడు నీతో పని. మావాడు అన్నీ ఒప్పుకున్నాడు గానీ ఒక్కటి ఒప్పుకోటం లేదు. నాయకుడి తుపాకి మిగతా వాటి మాదిరే ఉంటే చదివేవాళ్ళకి హీరో ఎవడో ఎట్టా తెలుస్తుంది అంటాడు. గొంతుని బట్టి తెలుస్తుందిరా అన్నా. కథలో గొంతు వినపడదు తాతా అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. కార్బైన్ మోసినవాడివి నువ్వు గాబట్టి నువ్వే చెప్పాల. వాడికి ఒక ఆడియో పంపించు. ఆ తాటితోపులో అరిచినట్టు అరిచి పంపు, వదిన భయపడకుండా ముందే చెప్పు. అక్టోబరు చివర్లో ఆడ పిలకాయలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వస్తారంట గదా. తెల్ల కవచం తొడుక్కున్నోడు ఎవడైనా మీ తలుపు కొడితే వాడి చేతిలో ప్లాస్టిక్ తుపాకి తీసుకుని చూడు. మ్యాగజైన్ ఎడమ పక్క ఉండాదో లేదో నాకు రాయి. వాడు దాన్ని పట్టుకుని ఉంటే మోచేతి మీద కొట్టొద్దు, వాళ్ళ దేశంలో కేసులు పెడతారు.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల, మర్చిపోవద్దు. పోయినసారి నీది ఆలస్యమై పెన్షన్ ఆగితే నేను యాడెక్కడ తిరిగినానో నీకు తెలుసు. ఈసారి ఆడి నుంచే ఎట్టా పంపాలో నీ కొడుకుని ఇప్పుడే కనుక్కోమను. సంక్రాంతికి వస్తే ముందు చెప్పు, గుంటలో కాస్త పెద్ద సైజు రొయ్య నీ కోసం అట్టిపెడతా.

ఇట్లు,
నీ టూ-ఐ-సి,
తమ్ముడు